దుకాణం ఎవరి పేరు మీద ఉంది?

మస్కట్ నుంచి పడమరగా సుమారు 300 కిలోమీటర్లు వెళ్తే, ఎడారి మొదలయ్యే చోట ఇబ్రి వస్తుంది. అద్ దాహిరా గవర్నరేట్‌కు అదే ముఖ్యపట్టణం. ఒక పాత కోట, దాన్ని ఆనుకుని సూక్ (బజారు), ఊరి అంచున వర్క్‌షాపులతో నిండిన సనయ్యా, ఇంకాస్త అవతల 500 మెగావాట్ల సోలార్ ప్లాంటు. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి, ఇటు రాజంపేట, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ బాట పట్టిన కుటుంబాలకు ఇలాంటి ఊళ్లు తెలియనివి కావు. పాత తరానికి అక్కడ ఒక లెక్క ఉండేది. అప్పు తీరాలి, చెల్లెలి పెళ్లి జరగాలి, ఊళ్లో స్లాబు ఇల్లు లేవాలి, ఆ తర్వాత తిరుగు టికెట్టు. ఇప్పుడు విమానం ఎక్కుతున్న పాతికేళ్ల కుర్రాడికి వీటితోపాటు ఇంకో కోరిక ఉంది. ఒకరి కింద పనిచేయకూడదు, సొంత వ్యాపారం పెట్టాలి, తన టైము తన చేతిలో ఉండాలి. దీనికి ఫైనాన్షియల్ ఫ్రీడమ్ అని పేరు. డ్యూటీ దిగి రూముకొచ్చి, బంకు మంచం మీద ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అతను వినే తెలుగు వీడియోల్లో చాలావరకు దాని గురించే. కోరికను రోజూ తొమ్మిదిసార్లు రాయమంటారు, విజన్ బోర్డు మీద కారు బొమ్మ అంటించమంటారు, సబ్‌కాన్షస్ మైండ్‌ను సరిచేసుకుంటే మిగతాది యూనివర్స్ చూసుకుంటుందంటారు. వ్యాపారంతో స్వేచ్ఛ సంపాదించాలన్న ఆ కుర్రాడి కోరికను నేను తప్పుపట్టను. ఆ స్వేచ్ఛకు అడ్డం అతని ఆలోచనల్లోనే ఉందని చెప్పి సొమ్ము చేసుకుంటున్నవాళ్లతోనే నా పేచీ. ఇబ్రిలో ఆ అడ్డం ఎక్కడుందో వెతకాలంటే ముందు కాగితాలు చూడాలి.

ఒక టైలరింగ్ షాపునో, మొబైల్ రిపేరు కొట్టునో, చిన్న కఫ్తేరియానో ఊహించండి. సరుకు తెచ్చేది, బేరం ఆడేది, అరువులు వసూలు చేసేది, రాత్రి షట్టరు దించేది మనవాడే. గోడకు తగిలించిన కమర్షియల్ రిజిస్ట్రేషన్ మీద మాత్రం అతని వీసాకు స్పాన్సరైన ఒమానీ, అంటే కఫీల్ పేరుంటుంది. అద్దె ఒప్పందం, బలదియా (మునిసిపాలిటీ) లైసెన్సు, బ్యాంకు ఖాతా కూడా ఆయనవే. మనవాడి బతాకా, అంటే నివాస కార్డు మీద రాసి ఉండేది టైలరనో సేల్స్‌మన్ అనో. నెలకు ఇంత అని కఫీల్‌కు ముట్టజెప్పి, మిగిలింది తను ఉంచుకుంటాడు. ఇదంతా నోటిమాట మీద నడిచే వ్యవహారం. గల్ఫ్ అంతటా ఏళ్ల తరబడి సాగుతున్న ఈ పద్ధతిని ఒమాన్ ప్రభుత్వం ముసుగు వ్యాపారంగా చూస్తుంది. 2023లో వాణిజ్య మంత్రిత్వ శాఖ దీని కోసమే ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. దొరికితే జరిమానా వేల రియాళ్లలో ఉంటుంది, ఒక్కో రియాల్ మన లెక్కలో 200 రూపాయల పైమాటే. మళ్లీ మళ్లీ దొరికితే రిజిస్ట్రేషనే పోతుంది. అంతకుముందే, 2022 జనవరి నుంచి, హోటళ్లు, కఫేలు, కూరగాయల కొట్లు, ఎలక్ట్రానిక్స్ దుకాణాల వంటి చోట్ల కార్డుతో డబ్బు తీసుకునే ఏర్పాటు తప్పనిసరి అయింది. గిరాకీ కార్డు గీకితే డబ్బు వెళ్లి పడేది రిజిస్ట్రేషన్‌లో పేరున్నవాడి ఖాతాలో. కఫీల్ నిజాయితీపరుడైతే గొడవ లేదు, అలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. ఆయన కాలం చేస్తే? కొడుకులు వచ్చి షాపు మాదే, నువ్వు జీతగాడివే అంటే? మనవాడు కోర్టు మెట్లెక్కితే ముందుగా బయటపడేది అతని తప్పే. ఐదేళ్లు రాత్రింబవళ్లు కష్టపడి కట్టుకున్న వ్యాపారంలో చట్టం కంటికి అతనికి ఒక్క సూది మీద కూడా హక్కు లేదు. ఆజాద్ వీసా కథా దాదాపు ఇదే. ఏజెంటుకు లక్షలు పోసి, పనే లేని కఫీల్ పేరున వీసా కొని, బయట దొరికిన పని చేసుకోవడం. కఫీల్ ఒక్క ఫిర్యాదు చేస్తే ఆ ఆజాద్ మనిషి తెల్లారేసరికి ఖల్లివెల్లి, అంటే పారిపోయిన అక్రమ కార్మికుడు, అయిపోతాడు.

మరి చట్టబద్ధమైన దారి లేదా? ఉంది, మునుపటికంటే విశాలంగానే ఉంది. 2019లో రాయల్ డిక్రీతో వచ్చి 2020 జనవరిలో అమలైన విదేశీ పెట్టుబడి చట్టం ప్రకారం విదేశీయుడు నూరు శాతం వాటాతో కంపెనీ పెట్టుకోవచ్చు. కనీస పెట్టుబడి ఇంత ఉండాలన్న షరతునూ తీసేశారు. ఆ వెనకే విదేశీయులు చేయకూడని వ్యాపారాల జాబితా ఒకటి వచ్చింది, అది ఆ తర్వాత పొడుగవుతూ పోయింది. టైలరింగ్, లాండ్రీ, క్షౌరశాల, అనువాదం లాంటివి అందులో ఉన్నాయి. చేతిలో కొద్దిపాటి డబ్బుతో మనవాడు మొదలుపెట్టగలిగేవి సరిగ్గా అలాంటివే. జాబితాలో లేని వ్యాపారం ఎంచుకున్నా, విదేశీ పెట్టుబడి కంపెనీలు ఏడాదిలోగా కనీసం ఒక ఒమానీని ఉద్యోగంలోకి తీసుకోవాలని 2025లో నిబంధన పెట్టారు. ప్రైవేటు రంగంలో ఒమానీకి ఇవ్వాల్సిన కనీస వేతనం 2013 నుంచి 325 రియాళ్లు. కప్పు 100 బైసాలకు, అంటే రియాల్‌లో పదోవంతుకు, కరక్ చాయ్ అమ్మేవాడికి ఈ ఒక్క జీతం కోసమే నెలకు 3,250 కప్పులు పోవాలి. పాలు, పంచదార, అద్దె, కరెంటు, తన తిండి ఆ తర్వాతి సంగతి. పెట్టుబడిదారుగా దీర్ఘకాల నివాసానికి 2021లో పెట్టిన పథకంలో ఐదేళ్ల కార్డుకు అడిగింది 2,50,000 రియాళ్లు, అంటే ఐదు కోట్ల రూపాయల పైన. ఈ లెక్కలేవీ రహస్యం కాదు. ప్రభుత్వ ప్రకటనల్లో, మస్కట్ పత్రికల్లో వచ్చినవే. స్వేచ్ఛ గురించి గంటల కొద్దీ మాట్లాడే మన కోచ్‌లు వీటిలో ఒక్కదాన్నీ ఎందుకు ఎత్తరన్నదే నాకు అంతుపట్టదు. బహుశా ఇవి చెబితే కోర్సు అమ్ముడుపోదు.

ఒమాన్ ఈ షరతులు పెట్టడంలో అన్యాయముందని నేను అనను. ఇబ్రిలో పుట్టి, అక్కడి టెక్నాలజీ యూనివర్సిటీ శాఖలోనే చదువుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసే ఒమానీ యువకుడికీ సొంత వ్యాపారమే స్వేచ్ఛలా కనిపిస్తోంది. 2021 మే నెలలో ఉద్యోగాల కోసం ఒమాన్ యువత వీధుల్లోకి వచ్చింది. వాళ్ల ప్రభుత్వం వాళ్లకు చిన్న వ్యాపారాలను కేటాయించి పెట్టడం సహజం. మన దగ్గర స్థానికులకే ఉద్యోగాలు కావాలని చట్టాలు చేసిన ప్రభుత్వాలు లేవా?

కాగితం మారితే మనిషి బతుకు ఎంత మారుతుందో చెప్పే ఆధారం పక్క దేశంలోనే ఉంది. 2011 జనవరి నుంచి యూఏఈ, కాంట్రాక్టు ముగిసిన కార్మికుడు పాత యజమాని అనుమతి లేకుండానే కొత్త పనిలో చేరవచ్చని నిబంధన మార్చింది. దాని ఫలితాన్ని సురేశ్ నాయుడు, యా న్యార్కో, షింగ్ యీ వాంగ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు కార్మికుల జీతాల రికార్డులతో పరిశీలించి 2016లో ప్రచురించారు. కాంట్రాక్టు ముగిసిన కార్మికుల సంపాదన పది శాతానికి పైగా పెరిగింది. కంపెనీ మారినవాళ్లూ పెరిగారు, మెరుగైన జీతానికి ఉన్నచోటే నిలిచినవాళ్లూ పెరిగారు, దేశం వదిలి వెళ్లేవాళ్లు తగ్గారు. కొత్తగా వచ్చేవాళ్ల జీతాల మీద మాత్రం కొంత దెబ్బ పడిందని కూడా వాళ్లే రాశారు. గమనించాల్సిందేమంటే, ఆ జనవరిలో ఆ కార్మికుల ఆలోచనా విధానం ఏమీ మారలేదు. డిసెంబరులో ఎంత ఆశతో ఉన్నారో జనవరిలోనూ అంతే. మారింది ఒక నిబంధన. ఒమాన్ ఈ పని పదేళ్లు ఆలస్యంగా, 2021 జనవరి 1న చేసింది. పాత యజమాని ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఎన్‌ఓసీ, అవసరం పోయింది. కాంట్రాక్టు పూర్తి చేసిన కార్మికుడు ఇంకో కంపెనీకి మారే హక్కు వచ్చింది. మాట వినని పనివాణ్ని దేశంలోనే మరో పని దొరక్కుండా ఇంటికి పంపించేసే అధికారం కఫీల్ చేతిలోంచి చాలావరకు జారింది. గల్ఫ్‌కు వెళ్లిన తెలుగు కార్మికుడికి గత పదేళ్లలో దక్కిన స్వేచ్ఛలో పెద్ద ముక్క ఇదేనని నా అభిప్రాయం. దీని మీద ఎంతమంది మోటివేషనల్ స్పీకర్లు వీడియో చేశారో వెతికి చూడండి.

అనుకుంటే అవుతుందన్న సిద్ధాంతం కొత్తదేమీ కాదు, మన ఉపనిషత్తుల నుంచి నేరుగా వచ్చిందీ కాదు. అమెరికాలో 19వ శతాబ్దంలో పుట్టిన న్యూ థాట్ ఉద్యమం దీనికి పుట్టిల్లు. 1906లో విలియం వాకర్ అట్కిన్సన్ ఆకర్షణ సిద్ధాంతం మీద పుస్తకం వేశాడు. 1910లో వాలెస్ వాటిల్స్ ధనవంతులయ్యే శాస్త్రమని ఇంకోటి రాశాడు. అది తనకు ఎంత ధనం తెస్తుందో చూసుకునే వ్యవధి పాపం ఆయనకు దొరకలేదు, మరుసటి ఏడాదే చనిపోయాడు. ఆ పుస్తకం చదివే తనకు దారి దొరికిందని రోండా బర్న్ చెప్పుకుంది. 2006లో ఆమె తెచ్చిన ‘ది సీక్రెట్’ ప్రపంచమంతా అమ్ముడై, తెలుగులోకీ వచ్చి, ఇప్పుడు రీల్స్‌గా ముక్కలై తిరుగుతోంది. ఈ వందేళ్లలో దీన్ని పరీక్షించినవాళ్లూ లేకపోలేదు. గాబ్రియేలే ఒట్టింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జర్మనీలో చదువు ముగించి ఉద్యోగాలు వెతుకుతున్న యువతను గమనించింది. మంచి ఉద్యోగంలో ఉన్నట్టు తీయగా ఊహించుకుంటూ గడిపినవాళ్లు రెండేళ్ల తర్వాత చూస్తే తక్కువ దరఖాస్తులు పెట్టారు, వాళ్లకు తక్కువ ఆఫర్లు వచ్చాయి, జీతాలూ తక్కువే. గత అనుభవాన్ని బట్టి నాకు ఉద్యోగం వస్తుందని నమ్మినవాళ్లు మాత్రం బాగుపడ్డారు. నమ్మకం వేరు, పగటికల వేరు అని తేలింది. పగటికల కంటున్నంతసేపూ మనసు పని అయిపోయినట్టే తృప్తిపడి నడుం వాలుస్తుందని ఆమె వివరణ. 2023లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ పరిశోధకులు వెయ్యిమందికి పైగా జనాన్ని ప్రశ్నించారు. మానిఫెస్టేషన్‌ను, అంటే అనుకుంటే అవుతుందన్నదాన్ని, గట్టిగా నమ్మేవాళ్లు తాము విజయవంతులమని ఎక్కువగా అనుకుంటున్నారు. ప్రమాదకరమైన పెట్టుబడుల వైపు ఎక్కువగా మొగ్గేదీ వాళ్లే, ఎప్పుడో ఒకసారి దివాలా తీసి ఉండే అవకాశం ఎక్కువున్నదీ వాళ్లకే. నమ్మకం వల్ల దివాలా తీశారా, దివాలా తీశాక నమ్మకానికి అతుక్కున్నారా అన్నది ఆ సర్వే చెప్పలేదు. నెలకు వంద, నూట యాభై రియాళ్ల జీతంలోంచి పొదుపు చేసేవాడికి రెండూ చేటే.

మనసుకు ఏ పాత్రా లేదని వాదిస్తే నేను ఓడిపోతాను, ఓడిపోవాలి కూడా. పశ్చిమ ఆఫ్రికాలోని టోగోలో 1,500 మంది చిన్న వ్యాపారులతో జరిగిన పరీక్ష 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. కొందరికి మామూలు బిజినెస్ పాఠాలు చెప్పారు, అంటే ఖాతా పుస్తకం, మార్కెటింగ్ వగైరా. ఇంకొందరికి చొరవ నేర్పారు. గిరాకీ వచ్చేదాకా కూర్చోకుండా ముందుగా కదలడం, పక్క కొట్టువాడు చేయనిది చేసి చూడడం, దెబ్బ తగిలినా వదలకపోవడం. చొరవ నేర్చుకున్నవాళ్ల లాభాలు 30 శాతం పెరిగాయి. మామూలు పాఠాల ఫలితం 11 శాతమే, అదీ గణాంకాల్లో గట్టిగా నిలవలేదు. మైండ్‌సెట్ గురువులు ఈ అధ్యయనాన్ని ఎత్తి చూపితే తప్పులేదు. కానీ ఆ తరగతిలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. కళ్లు మూసుకుని కారును ఊహించుకోమనలేదు. రేపు ఏం చేస్తావు, ఎవరిని కలుస్తావు, సరుకు రాకపోతే ఏం చేస్తావని అడిగారు. పైగా టోగో వ్యాపారి తన దేశంలో తన పేరున కొట్టు నడుపుకున్నాడు. చొరవ వల్ల పెరిగిన లాభం అతని జేబులోకే వెళ్లింది. ఇబ్రిలో మనవాడు అదే చొరవతో షాపును రెట్టింపు చేస్తే, ఆ పెరిగిన షాపు కూడా కఫీల్ పేరునే పెరుగుతుంది. చొరవ ఉన్నవాడికే ఈ కాగితం సంగతి ఎక్కువ అవసరం, ఎందుకంటే పోగొట్టుకోవడానికి అతని దగ్గరే ఎక్కువ ఉంటుంది.

దేవుణ్ని నమ్మే జాతికి యూనివర్స్‌ను నమ్మొద్దని చెప్పడమేమిటని కొందరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. హైదరాబాద్ పక్కన చిలుకూరు బాలాజీకి మొక్కుకుని వీసా తెచ్చుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. కోరుకున్నప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108. ఆ గుడిలో హుండీ లేదు, కోరిక చెప్పుకోవడానికి రుసుము లేదు. మొక్కుకున్న ఏ భక్తుడూ కాన్సులేట్‌కు బ్యాంకు స్టేట్‌మెంటు లేకుండా వెళ్లడు, ప్రదక్షిణ ప్రదక్షిణే, ఫైలు ఫైలే. అన్నిటికంటే ముఖ్యం, వీసా రాకపోతే దైవానుగ్రహం లేదనుకుంటాడు తప్ప, నీ ఆలోచనల్లో లోపముందని ఏ పూజారీ నిందించడు. మానిఫెస్టేషన్ మార్కెట్టు అక్కడే దెబ్బ కొడుతుంది. అనుకున్నది జరిగితే గొప్ప కోర్సుది. జరక్కపోతే నీలో మనీ బ్లాక్స్ ఉన్నాయి, నీ వైబ్రేషన్ తక్కువ, అడ్వాన్స్ కోర్సులో చేరు. ఎడారి ఎండలో పన్నెండు గంటలు నిలబడి, మోసపోయి, జీతం రాక ఉన్నవాణ్ని పట్టుకుని ఇదంతా నువ్వు ఆకర్షించుకున్నదేనని చెప్పడం నాకు తత్వంలా కనిపించదు, క్రూరత్వంలా కనిపిస్తుంది.

ఈ స్వేచ్ఛాకాంక్షను ఎవరు ఎలా వాడుకున్నారో తెలుసుకోవడానికి గల్ఫ్ దాకా పోనక్కర్లేదు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు రేగి ఆరుగురు ఊపిరాడక చనిపోయారు. అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్లు, వరంగల్, ఖమ్మం వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు పనిచేసిన కార్యాలయానికి క్యూనెట్ అనే నెట్‌వర్క్ మార్కెటింగ్ వ్యాపారంతో సంబంధం ఉందని పోలీసులు చెప్పారు. డబ్బు కట్టించుకుని చేర్చుకున్నారని తల్లిదండ్రులు వాపోయారు. ఇదే వ్యాపారం మీద 2019లో సైబరాబాద్ పోలీసులు పదులకొద్దీ అరెస్టులు చేశారు. చేరినవాళ్లను అత్యాశపరులని ఈసడించడం తేలిక. డిగ్రీ చేతికొచ్చినా జీతం పది, పన్నెండు వేలు దాటని చోట, నీకు నువ్వే బాస్ అన్న మాటకు ఎంత బలం ఉంటుందో ఈసడించేవాళ్లకు తెలియదు. ఇబ్రి బంకు మంచం మీది కుర్రాడిదీ అదే వయసు, అలాంటి పల్లే, అదే ఆకలి.

గెలిచినవాళ్ల సంగతేమిటి, ఒమాన్‌లోనే భారతీయులు కోట్లకు ఎదగలేదా అంటారు. ఎదిగారు. అందరికంటే పెద్ద ఉదాహరణ ఖిమ్జీ రాందాస్ కుటుంబం. కచ్‌లోని మాండ్వి నుంచి 1870లో మస్కట్ వచ్చి వ్యాపారం మొదలుపెట్టారు. తరాల తరబడి అక్కడే నిలిచారు, ఒమానీ పౌరసత్వం పొందారు, ఆ ఇంటి పెద్ద కనక్సీ ఖిమ్జీకి సుల్తాన్ షేక్ హోదా ఇచ్చాడు. 2021లో ఆయన పోయేనాటికి ఆ వ్యాపారం వయసు నూటయాభై ఏళ్లు. అందులో శ్రమ ఉంది, పేరు ఉంది, అదృష్టమూ ఉంది, చివరికి పౌరసత్వ పత్రం ఉంది. వ్యాపారం ఊహల మీద కాక వాస్తవాల మీద నిలుస్తుందని ఇబ్రి చరిత్రా చెబుతుంది. దాని పరిధిలోని బాత్ సమాధులు, యునెస్కో 1988లో గుర్తించినవి, క్రీస్తుకు పూర్వం మూడో సహస్రాబ్దివి. ఆ ప్రాంతం రాగి వ్యాపారంతో పేరుపడిన కాలం అది. రాగి ఉంది గనుక, దారి ఉంది గనుక అక్కడ వ్యాపారం జరిగింది. 2021 డిసెంబరులో ఎంప్టీ క్వార్టర్ మీదుగా సౌదీకి నేరుగా వెళ్లే రోడ్డు తెరుచుకుంది. రెండు దేశాల మధ్య అదే మొదటి భూమార్గం, అది ఇబ్రి మీదుగానే పోతుంది. లారీలు ఆగే చోట టైరు పంచరు కొట్టుకీ, టీకొట్టుకీ గిరాకీ ఉంటుంది. వ్యాపారం చేయదలచినవాడు విజన్ బోర్డు ముందు కూర్చునే ఆ అరగంటా రోడ్డు పక్కన నిలబడి ఎన్ని లారీలు ఆగుతున్నాయో లెక్కపెట్టుకుంటే నయం.

ఇక ప్రభుత్వాలు చేయగలిగినవి ఉన్నాయి, పెద్ద ఖర్చూ కాదు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. మంచి పని. కానీ బతికున్నవాడికి కావాల్సింది ముందే చెప్పే మాట. విదేశాంగ శాఖ నడిపే ప్రయాణపూర్వ శిక్షణ కూలీకి వెళ్లేవాణ్ని దృష్టిలో పెట్టుకున్నది, అతను రెండేళ్లకు వ్యాపారి కావాలనుకుంటాడన్న ఊహ అందులో లేదు. ఒమాన్‌లో విదేశీయులకు నిషిద్ధమైన వ్యాపారాల జాబితా, ముసుగు వ్యాపారానికి పడే శిక్ష, ఎన్‌ఓసీ రద్దుతో వచ్చిన హక్కు, కంపెనీ పెట్టడానికి అయ్యే ఖర్చు, ఇవన్నీ తెలుగులో నాలుగు పేజీల్లో పడతాయి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్ ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్ఆర్టీ ఆ పని చేయొచ్చు, ఏటా సవరించొచ్చు, వాట్సాప్‌లో పంపొచ్చు. కోచ్‌ల సంగతి కొంచెం చిక్కు. తప్పుడు ప్రకటనలతో విద్యార్థులను ఆకర్షించే కోచింగ్ సెంటర్లకు ముకుతాడు వేస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. ర్యాంకర్ల ఫొటోలు ఇష్టం వచ్చినట్టు వేయకూడదు, గ్యారంటీ మాటలు చెప్పకూడదు, ఫీజు వాపసు నిబంధనలు దాచకూడదు. అయితే ఆ మార్గదర్శకాలు చదువుల కోచింగ్‌ను ఉద్దేశించినవి. ఆరు నెలల్లో ఆర్థిక స్వేచ్ఛ అని చెప్పి వేలకు వేలు వసూలు చేసే మైండ్‌సెట్ కోర్సులు వాటి పరిధిలోకి రావు. వాటినీ చేర్చాలి. కోర్సు అమ్మేవాడు తన ఆదాయంలో ఎంత తాను బోధించే వ్యాపారం నుంచి వస్తోందో, ఎంత కోర్సు అమ్మకం నుంచి వస్తోందో ప్రకటనలోనే రాయాలన్న ఒక్క నిబంధన పెట్టినా చాలు, మిగతాది వినేవాడే తేల్చుకుంటాడు.